తెలిసినవారే బాధ్యులు

గగనవిహార్ అపార్ట్‌మెంట్స్‌లో ప్రమాదం జరిగితే ఎవరు బాధ్యులన్న ప్రశ్నకి ఏనాడో శాశ్వత పరిష్కారం దొరికింది. ప్రమాదం సంగతి ముందుగా తెలిసినవారే బాధ్యులు.

ఈ సూత్రం ఊరికే పుట్టలేదు. దాని వెనక ఒక లిఫ్టు, ఒక కాలు ఉన్నాయి. బి బ్లాకు లిఫ్టు ఒకనాడు ఎవరూ బటన్ నొక్కకుండానే కిందికి దిగి, అందులో ఉన్న పెద్దమనిషి కాలు విరగ్గొట్టింది. విచారణకి వచ్చిన అధికారి అందరినీ ఒకటే అడిగాడు. "లిఫ్టు బాగాలేదని మీకు ముందే తెలుసా?" తెలియదన్నవాళ్ళందరికీ నమస్కారం పెట్టి పంపేశాడు. లిఫ్టు మూలుగుతోంది, చూడండి మహాప్రభో అని కమిటీ చుట్టూ తిరిగిన లెక్చరర్‌గారు ఒక్కరే తెలుసన్నారు. ఇంకేముంది, ఆయన దొరికిపోయారు. "తెలిసి కూడా జనాన్ని ఎందుకు ఎక్కనిచ్చారు?" అని ఆయన్ని అరికాళ్ళు అరిగేలా తిప్పారు. చివరికి ఆయన ఫ్లాటు అమ్ముకుని వెళ్ళిపోయారు. కాలు విరిగినాయన మాత్రం హాయిగా ఇక్కడే ఉంటున్నాడు.

సంఘం న్యాయ సలహాదారు పేరి అప్పలాచార్యులుగారు ఈ ఉదంతాన్ని లోతుగా పరిశీలించి, "ప్రమాదం వల్ల సంఘానికి వచ్చే నష్టమేమీ లేదు. ప్రమాదం గురించి తెలియడం వల్లే నష్టం" అని సర్వసభ్య సమావేశంలో విశదీకరించారు. చప్పట్లు మోగాయి. "ఏదేని ప్రమాదము సంభవించు అవకాశమును ముందుగా ఎరిగినవారే సదరు ప్రమాదమునకు సంపూర్ణ బాధ్యులుగా పరిగణింపబడుదురు" అని తీర్మానం చేశారు.

అంతే, ఫిర్యాదులు ఆగిపోయాయి. మెట్ల మీద నీళ్ళు కారుతుంటే జనం ఆకాశం వైపు చూస్తూ దాటడం నేర్చుకున్నారు. కరెంటు బాక్సులోంచి వైరు వేలాడుతుంటే పిల్లలకి "అది చూడకు, వచ్చేయ్" అని చెప్పడం మొదలుపెట్టారు. ఆ ఏడాది చుట్టుపక్కల కాలనీల సమాఖ్య వాళ్ళు గగనవిహార్‌కి "ఒక్క ఫిర్యాదూ లేని సంఘం" అని ఒక షీల్డు కూడా ఇచ్చారు. అది ఆఫీసు గదిలో, ఊడిపోతున్న పెచ్చుల కింద, గోడకి వేలాడుతోంది.

గగనవిహార్ ఉన్న విశాఖపట్నం మధురవాడకి హైమవతి కొత్త. భర్త సదాశివానికి బదిలీ అయి, కాకినాడ నుంచి వచ్చి సి బ్లాకులో దిగారు. ఆవిడ బి.ఎస్సీ. చదువుకుంది, ఉద్యోగం చెయ్యలేదు. కానీ ఇంట్లో ఏ వస్తువూ ఆవిడ పరీక్ష పాసు కాకుండా లోపలికి వచ్చేది కాదు. కందిపప్పు ఎంత శుభ్రంగా ఉందని ప్యాకెట్టు మీద రాసినా చేటలో పోసి ఒకసారి చూడాల్సిందే. గ్యాసు కట్టేసి వీధి గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసొస్తేగానీ బయటికి కదలదు. ఇలాంటి మనిషికి గగనవిహార్ తీర్మానం సంగతి ఎవరో ఒకరు ముందే చెప్పాల్సింది. చెబితే తమ మీద పడుతుందని ఎవరూ చెప్పలేదు.

ఇలా ఉండగా సంఘం కార్యదర్శి తారకేశ్వర్‌కి జ్ఞానోదయం అయింది. అతను సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. ఆఫీసు వాళ్ళు విహారయాత్రకి తీసుకెళ్ళి పెయింట్‌బాల్ ఆడించారట. అంటే గాలితో పేలే తుపాకుల్లో రంగు నింపిన గోళీలు పెట్టి ఒకళ్ళనొకళ్ళు కాల్చుకోవడం. తగిలితే గోళీ పగిలి రంగు అంటుకుంటుంది, తగిలినవాడు ఆటలోంచి తప్పుకుంటాడు. తారకేశ్వర్ ఆ యాత్రలో తన పై అధికారిని వీపు మీద కాల్చాడు. అంత ప్రశాంతత తనకి ఏ ధ్యానంలోనూ దొరకలేదని వచ్చి చెప్పాడు.

"బ్లాకుల మధ్య బాండింగ్ లేదు సార్" అన్నాడు సమావేశంలో. "పార్కింగ్ దగ్గర గొడవలు, మోటారు దగ్గర గొడవలు. ఒక్కసారి ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుంటే సౌభ్రాతృత్వం దానంతటదే వస్తుంది. బ్లాకుకొక టీము. ఇంటర్-బ్లాక్ పెయింట్‌బాల్ టోర్నమెంట్!"

సభ ఊగిపోయింది. ఎవరు ఎవరిని కాల్చాలన్నది చాలామంది మనసులో ఎప్పుడో తేలిపోయిన విషయమే. అధ్యక్షుడు చల్లా భుజంగరావుగారు లేచారు. ఆయన ఏదో శాఖలో పెద్ద పదవి చేసి రిటైరయ్యారు. ఏ మాట అన్నా దాన్ని ఫైలు మీద రాస్తున్నట్టే అంటారు. "ఈ ప్రతిపాదన యువతలో క్రీడాస్ఫూర్తిని పెంపొందించగలదని భావిస్తూ సభ వారి ఆమోదమునకై ఉంచుచున్నాను. ఎవరికైనా అభ్యంతరములు కలవా?"

హైమవతి చెయ్యెత్తింది. ఆవిడ కూతురు హంసిని, డిగ్రీ మొదటి ఏడు, పక్కన కూర్చుని అప్పటికే సి బ్లాకు కెప్టెన్‌నని స్నేహితులకి ఫోనులో మెసేజీలు కొట్టేస్తోంది. "అమ్మా, చెయ్యి దించు" అంది గొణుగుతూ.

"అభ్యంతరం కాదండీ, చిన్న సందేహం" అంది హైమవతి. "గోళీ కంటికి తగిలితే కన్ను పోతుందంటారు కదా. ఆడేటప్పుడు మొహానికి మాస్కులు పెట్టుకుంటారు, సరే. మధ్యలో ఎవరూ తీసెయ్యకుండా ఎవరు చూస్తారు?"

హైమవతి పక్క కుర్చీలో ఆవిడ తన కుర్చీని మెల్లగా ఆ పక్కకి జరుపుకుంది. అప్పలాచార్యులుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ మొహంలో జాలి ఉంది.

"కన్ను పోతుందని తమరికి తెలుసునన్నమాట" అన్నారు భుజంగరావుగారు.

"అందరికీ తెలిసిందేగదండీ."

"అందరి సంగతీ తమరు చెప్పనక్కర్లేదు. ఇక్కడెవరికైనా తెలుసునా?" అని సభ వైపు తిరిగారు. సభలో అందరూ ఎవరి చేతి గోళ్ళు వాళ్ళు చూసుకున్నారు. ఒక కంటి డాక్టరు కూడా అందులో ఉంది. "చూశారా. కావున, శ్రీమతి హైమవతిగారిని టోర్నమెంటు భద్రతా బాధ్యురాలిగా సభ ఏకగ్రీవముగా నియమించుచున్నది. ఏది జరిగినా వారే జవాబు చెప్పుకుందురు."

చప్పట్లు మోగాయి. హైమవతి కూడా తెలియక రెండుసార్లు కొట్టింది.

ఇంటికి వచ్చాక సదాశివం చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు. "నీకు నోరు ఊరుకోదు కదా హైమా! ఎవరికో కన్ను పోతే రేపు పోలీస్ స్టేషనుకి ఎవరెళతారు? నేనేగా?"

"ఎవరిదో ఎందుకండీ, మన పిల్లే ఆడుతోంది."

"దాన్ని మానిపించెయ్, గొడవ వదిలిపోతుంది."

"నేను మానను" అంది హంసిని గదిలోంచి. "కెప్టెన్‌ని! నేను మానేస్తే ఎ బ్లాకు వాళ్ళు కాలేజీ దాకా వచ్చి నవ్వుతారు. అమ్మా, నువ్వు మాత్రం గ్రౌండు దగ్గర నా పరువు తియ్యకు."

కూతురు మానదు, కమిటీ చూడదు. ఇక చూడాల్సింది తనే అనుకుంది హైమవతి. మర్నాడు పొద్దున్నే మైదానానికి వెళ్ళింది. మైదానమంటే పిల్లల ఆటస్థలానికి ఆనుకుని ఉన్న ఖాళీ జాగా. చుట్టూ గుంజలు పాతి నైలాన్ వల కట్టారు, గోళీలు బయటికి రాకుండా. ఆటస్థలం వైపు వలకి మనిషి తల పట్టేంత చిరుగు ఉంది. సరిగ్గా దాని వెనకాలే సిబ్బంది ప్రేక్షకులకి కుర్చీలు వేస్తున్నారు. ముందు వరసలో చిన్నపిల్లల కుర్చీలు.

సెక్యూరిటీ సూపర్‌వైజరు గవరయ్య పక్కనే నిలబడి ఉన్నాడు. "గవరయ్యా, ఆ చిరుగు చూశావా?"

గవరయ్య గిరుక్కున అటు తిరిగి నిలబడ్డాడు. "ఏ సిరుగమ్మా? నానేటీ సూడ్లేదు. నాకు ఈపు ఆ పక్కకి ఉంది."

"ఇప్పుడు తిప్పావు కదయ్యా!"

"మీరు సెప్పకండమ్మా, మీకు దండవెడతాను. ఇద్దరాడపిల్లలు నాకు. సూసినోడిదే బాద్దెత అని అద్దెచ్చులుగోరు మా అందరికీ వొట్టేయించినారు."

హైమవతి తారకేశ్వర్ దగ్గరికి వెళ్ళింది. అతను చాలా మర్యాదగా విన్నాడు. చెవుల్లో పాటలు వినే గొట్టాలున్నాయి గనక, విన్నట్టు కాదు. "మేడమ్, మీ పాయింటు నేను అప్రిషియేట్ చేస్తాను, అదేంటో తెలియకపోయినా. కానీ వల కుట్టిస్తే ఏమవుతుంది? చిరుగు ఉండేదని రుజువవుతుంది. ఇప్పుడైతే చిరుగు లేదు. ఉందని ఎవరంటున్నారు? మీరొక్కరే."

ఇంక ఎవరినీ అడగదల్చుకోలేదు ఆవిడ. సాయంత్రం ఒక దబ్బనం, నైలాన్ తాడు పట్టుకెళ్ళి ఎత్తుపీట వేసుకుని చిరుగంతా తనే కుట్టేసింది. గట్టిగా లాగి చూసి, రెండో వరస కూడా వేసింది. మనసు తేలికపడి ఇంటికొచ్చి పులిహోర కలిపింది.

పొద్దున్న వెళ్ళి చూస్తే కుట్లన్నీ విప్పేసి ఉన్నాయి. తిరిగి ఇంటికొచ్చేసరికి, తాడు చుట్ట చుట్టి ఆవిడ గుమ్మం ముందు పెట్టి, కింద భుజంగరావుగారి సంతకంతో తాఖీదు పెట్టారు. లేని చిరుగును కుట్టుట ద్వారా సంఘము యొక్క ఆస్తి లోపభూయిష్టమైనదన్న అపోహ కలిగించినందున ఇకపై ఇట్టి చర్యలు పునరావృతము కారాదట. కుట్లు విప్పేటప్పుడు చిరుగు ఇంకొంచెం పెరిగింది. లేని చిరుగు గనక పెరిగిందని ఎవరూ రాయలేదు.

ఏర్పాట్లు మాత్రం ఘనంగా సాగాయి. గేటు దగ్గర "ప్రమాదం, మాస్కు లేనిదే లోపలికి రావద్దు" అని బోర్డు పెట్టాలని హైమవతి రాయించింది. ప్రమాదం అనే మాట చదివినవాడికి ప్రమాదం గురించి తెలిసిపోతుందని అప్పలాచార్యులుగారు దాన్ని సవరించారు. బోర్డు మీద ఇప్పుడు "ఆనందం, లోపలికి రండి" అని ఉంది.

డాక్టరుని పిలవాలంటే దెబ్బలు తగులుతాయని ముందే ఊహించినట్టవుతుంది. అందుకని బి బ్లాకు కంటి డాక్టరు వసుంధరగారిని డాక్టరుగా కాక ముగ్గుల పోటీ న్యాయనిర్ణేతగా పిలిచారు. ముగ్గుల పోటీ లేదు. మందుల పెట్టె కొన్నారు గానీ, అది కనపడితే గాయాలు గుర్తొస్తాయని రంగుకాగితం చుట్టి బహుమతుల బల్ల మీద మిగతా బహుమతుల మధ్య పెట్టారు. అంబులెన్సు కూడా వచ్చింది. దాన్ని చూసి జనం ఏదో అనుకోకుండా బంతిపూల దండలు కట్టి, ముందు అద్దానికి అరటిపిలకలు కట్టారు. పెళ్ళివారి బండి అనుకుని ఎవరో ముసలావిడ ఎక్కి కూర్చుంది కూడా.

తుపాకులూ మాస్కులూ తెచ్చింది జోసెఫ్. అద్దెకిచ్చే వ్యాపారం అతనిది. ప్రతి ఆట ముందూ అతను ఆటగాళ్ళని నిలబెట్టి జాగ్రత్తలు చెబుతాడు. అప్పలాచార్యులుగారు అతన్ని పక్కకి పిలిచారు.

"నువ్వేదో చెబుతావట?"

"సేఫ్టీ బ్రీఫింగండీ. లోపల మాస్కు తియ్యకూడదు, దగ్గర్నించి కాల్చకూడదు, ఆట లేనప్పుడు గన్ను గొట్టానికి సంచి తొడగాలి..."

"ఆపు, ఆపు!" ఆచార్యులుగారు చెవులు మూసుకున్నారు. "ఇదంతా విన్నవాళ్ళ గతేమిటయ్యా? అమాయకంగా ఆడుకోడానికి వచ్చిన పిల్లలందరినీ బాధ్యుల్ని చేసి పంపిస్తావా? నీకూ పిల్లలున్నారు కదా!"

జోసెఫ్ వ్యాపారం చేసుకునే మనిషి. డబ్బు ముందే తీసుకున్నాడు. "మీ ఇష్టమండీ" అని వెళ్ళి తన వ్యానులో కూర్చున్నాడు. హైమవతి వ్యాను దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పించుకుంది. గోళీ ఎంత వేగంతో వస్తుందో, విశాఖపట్నం ఉక్కకి మాస్కు అద్దం లోపల ఆవిరి పట్టి కుర్రాళ్ళు తుడుచుకోడానికి ఎలా పైకెత్తేస్తారో, ఆ ఎత్తిన క్షణంలోనే ఎలా తగులుతుందో అన్నీ విన్నది. అలా గగనవిహార్‌లో తెలియాల్సినదంతా తెలిసిన మనిషి ఒక్కతే తయారైంది.

ఆదివారం పొద్దున్న సభ కిటకిటలాడింది. ముఖ్య అతిథి కొల్లి దశరథరామయ్యగారు, అంటే ఈ ఫ్లాట్లు కట్టిన బిల్డరు, తెల్లచొక్కాతో వచ్చారు. జ్యోతి వెలిగించారు. ప్రార్థనాగీతం అయింది. గౌరవ సభ్యులకీ ప్రత్యేక ఆహ్వానితులకీ శాలువాలు కప్పారు. అప్పటికే రెండు వైపులా టీములు తుపాకులు పట్టుకుని మైదానంలోకి దిగిపోయాయి. ఫొటోగ్రాఫరు "మొహాలు కనపడాలి, కొంచెం పైకెత్తండమ్మా" అన్నాడు. అందరూ మాస్కులు నెత్తి మీదికి తోసుకున్నారు. ఫొటో అయ్యాక ఎవరూ దించలేదు. గొట్టాలకి తొడగాల్సిన సంచుల్లో కొందరు ఫోన్లు పెట్టుకున్నారు.

ప్రారంభోత్సవానికి రిబ్బను కత్తిరించడం పాత పద్ధతి అని, ముఖ్య అతిథి తొలి గోళీ పేల్చాలని తారకేశ్వర్ నిర్ణయించాడు. దశరథరామయ్యగారికి మాస్కు ఎవరూ ఇవ్వలేదు. పెద్దవాళ్ళ మొహం కప్పడం అగౌరవం. ఆయన స్టేజీ మీద తుపాకి పట్టుకుని, జీవితంలో మొదటిసారి తుపాకి పట్టుకున్న ఎవరైనా చేసినట్టే గొట్టంలోకి తొంగి చూస్తున్నారు.

హైమవతికి కూతురు ఎదురుగా కనపడుతోంది. నెత్తి మీద మాస్కు, మొహమంతా చెమట, వేలు మీట మీద. అవతల ఎ బ్లాకు కెప్టెన్ తుపాకి ఊపుతూ హంసినితో ఏదో అంటున్నాడు, అది పకపకా నవ్వుతోంది. వల చిరుగు వెనక పిల్లలు కూర్చుని కాళ్ళు ఊపుతున్నారు.

"హంసినీ, మాస్కు దించుకో" అని అరవాలనుకుంది. అరిచినా వినపడేది హంసిని ఒక్కదానికే. అది వినదు కూడా.

అప్పుడు మైకులో పిలిచారు. "తదుపరి కార్యక్రమం, భద్రతా బాధ్యురాలు శ్రీమతి హైమవతిగారికి సన్మానం." బాధ్యురాలు ఎవరో అందరి ఎదుటా రుజువై ఉంటే మంచిదని అప్పలాచార్యులుగారి ఆలోచన. శాలువా కప్పారు. ఫొటో తీశారు. శాలువా కప్పించుకున్నవాళ్ళు మైకు దగ్గర రెండు ముక్కలు మాట్లాడటం ఆచారం. దాన్ని కాదనడానికి ఏ సలహాదారుకీ ధైర్యం చాలదు. "అందరికీ కృతజ్ఞతలని చెప్పి దిగిపోండమ్మా" అన్నారు భుజంగరావుగారు చెవిలో.

హైమవతి మైకు పట్టుకుంది. ఎప్పుడూ మైకులో మాట్లాడి ఎరగదు.

"అందరికీ నమస్కారం. మన సంఘంలో ప్రమాదం ముందుగా తెలిసినవాళ్ళే బాధ్యులు కదండీ. నాకు తెలిసినవన్నీ ఇప్పుడు మీకు చెప్పేస్తాను."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. మొదట అర్థమైంది అప్పలాచార్యులుగారికి. ఆయన కుర్చీ తన్నుకుంటూ లేచి, "వినకండి! ఎవరూ వినకండి!" అని అరిచి చెవులు మూసుకున్నారు. స్టేజీ మీద పెద్దలందరూ మూసుకున్నారు. కింద ముందు వరసలూ మూసుకున్నాయి. వెనక వరసల్లో ఉప్మా పెసరట్టు వడ్డన జరుగుతోంది. ప్లేటు వదలాలా చెవి మూసుకోవాలా అని కొద్దిసేపు సతమతమై, ఎక్కువమంది ప్లేటు వైపే మొగ్గారు.

"మైకు ఆపవయ్యా!" అన్నారు భుజంగరావుగారు మైకుసెట్టు మనిషితో.

"ఎందుకాపాలండీ?"

"ఆవిడ చెప్పేది వినపడటం లేదూ?"

మైకుసెట్టు మనిషి ఒక్కసారి ఆలోచించాడు. "వినపడిందని ఆపితే రేపు నన్ను పట్టుకుంటారు సార్. నాకేం వినపడట్లేదు" అని సౌండు ఇంకొంచెం పెంచాడు.

"పిల్లల వైపు వలకి చిరుగుంది" అంది హైమవతి. "కుట్టాను, విప్పించేశారు. అంతకన్నా పెద్దదైంది. దాని వెనకాల మొదటి కుర్చీలో ఎర్ర చొక్కా పిల్లాడున్నాడు. ఇందిరగారూ, మీ మనవడేనండీ."

ఇందిరగారు గట్టిగా చెవులు మూసుకునే ఉంది. కానీ మైకులో తన పేరు వినపడితే చెవుల మీద చేతులు ఉంచుకోగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు. "నన్నేనా? ఏమంటోంది?" అని చేతులు తీసేసింది. రెండోసారి విన్నాక ఆవిడ పరుగెత్తిన తీరు చూస్తే మోకాళ్ళ నొప్పులని లిఫ్టు దగ్గర అందరినీ పక్కకి తోసే మనిషి ఈవిడేనా అనిపించింది.

హైమవతికి దారి దొరికింది. పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. "వసుంధరగారూ, మీరు కంటి డాక్టరు. మాస్కు లేకుండా గోళీ తగిలితే కన్ను ఏమవుతుందో మీకు తెలుసు. ముగ్గులు తరవాత చూద్దురుగాని. తారకేశ్వర్‌గారూ, మీ తమ్ముడు మాస్కు నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. గవరయ్యా, నువ్వు ఏ పక్కకి తిరిగినా వినపడుతుంది. మందుల పెట్టె బహుమతుల బల్ల మీద ఎర్ర కాగితంలో ఉంది. పూలు కట్టింది అంబులెన్సుకి, అందులో కూర్చున్న మామ్మగారిని దింపండి. దశరథరామయ్యగారూ, మీరు చూస్తున్న గొట్టంలోంచే వస్తుందండీ గోళీ."

ముఖ్య అతిథి తుపాకిని పామును వదిలినట్టు వదిలేశారు.

ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది. తెలిసింది గనక అందరూ బాధ్యులైపోయారు. బాధ్యత నెత్తి మీద పడేసరికి గగనవిహార్ వాసుల్లో అంత చురుకుదనం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. పిల్లల కుర్చీలు అటునుంచి ఇటు మారాయి. వల మీద కప్పడానికి ఏమీ దొరక్క సన్మానం శాలువాలు తెచ్చి పిన్నీసులతో గుచ్చారు. శాలువా ఒక పనికి వస్తుందని ఆ కాలనీలో తెలియడం అదే మొదలు. ప్రతి తల్లీ తన పిల్లాడి మాస్కు దించి, పక్క పిల్లాడి మాస్కు కూడా దించింది, ఎందుకైనా మంచిదని. గవరయ్య గేటు దగ్గర చేతులు చాచి నిలబడి "మొకానికి మాస్కు లేనోడు లోపలికి రావద్దు!" అని కేకలు పెట్టాడు. జోసెఫ్ వ్యాను దిగి, తన మాటలు విననన్నవాళ్ళకే రెండుసార్లు వినిపించాడు. భుజంగరావుగారు తనకి మాస్కు ఒకటి సంపాదించి తగిలించుకుని, స్టేజీ మీదే ఉన్నా తియ్యలేదు.

హంసిని మాత్రం మైదానంలోంచి తల్లి వైపు చూసింది. పరువు పోయిందన్న మొహం పెట్టి మాస్కు దించుకుని పట్టీ బిగించుకుంది.

ఈల మోగింది. ఆట మొదలైన కాసేపటికే, దాక్కోడానికి పెట్టిన డ్రమ్ము చాటునుంచి తల బయటపెట్టిన సి బ్లాకు కెప్టెన్‌కి ఎదురుగా టప్‌మని తగిలింది. మాస్కు అద్దం మీద, ఎడమ కంటికి ఎదురుగా, నారింజ రంగు పగిలి కిందికి కారింది. హంసిని చెయ్యెత్తి మైదానం బయటికి నడిచి వచ్చింది. హైమవతి తన పక్క కుర్చీ ఖాళీ చేసింది. మాస్కు తీస్తే లోపల రెండు కళ్ళూ ఉన్నాయి, తల్లిని కోపంగా చూస్తూ.

"ఫస్ట్ అవుట్ నేనే" అంది హంసిని. "నీవల్లే. మళ్ళీ ఏం మాట్లాడతావో అని ఇటే చూస్తున్నా." తరవాత మాస్కు తిప్పి ఆ మరక చూసింది. వేలితో ముట్టుకుని, తల్లి పక్కన కూర్చుంది.

ఆ రోజు ఎవరికీ దెబ్బ తగలలేదు. సంఘానికి అసలు చిక్కు అక్కడే వచ్చింది.

తరువాతి వారం కార్యవర్గం హైమవతిని ఆఫీసు గదికి పిలిపించింది. భుజంగరావుగారు గొంతు సవరించుకున్నారు. "కన్ను పోవునని తమరు మైకు ద్వారా ప్రకటించియున్నారు. ఎవరిదైనా పోయినదా?"

"లేదండీ. మాస్కులు పెట్టుకున్నారు కదా."

"పోలేదు. అనగా ప్రమాదము లేదు. లేని ప్రమాదమును ఉన్నదని ప్రకటించి, గౌరవ ముఖ్య అతిథి చేతి నుండి తుపాకి జారునట్లు చేసి, సభాసదులందరినీ వారి అంగీకారము లేకుండా బాధ్యులను గావించినందులకు సంజాయిషీ ఏమి?"

"నిజంగా ప్రమాదం ఉండి ఉంటే ఏదో ఒకటి జరిగేది కదా మేడమ్" అన్నాడు తారకేశ్వర్ నచ్చజెబుతున్నట్టు. "డేటా చూసుకోండి. జీరో."

అప్పలాచార్యులుగారు కొత్త తీర్మానం చదివారు. ఇకపై ఎవరికైనా ప్రమాదము ఉన్నదని తోచినచో అది సంభవించువరకు ఓపిక పట్టి, సంభవించిన పిదప మాత్రమే తెలియజేయవలెను. ముందుగా తెలియజేయు అలవాటు గలవారు సభకు క్షమాపణ చెప్పుకొనవలెను. "మీరొక్క మాట అనేస్తే ఇది ముగిసిపోతుందమ్మా" అన్నారు అనునయంగా.

హైమవతి చేతిసంచిలోంచి హంసిని మాస్కు తీసింది. జోసెఫ్‌కి డబ్బులిచ్చి ఉంచేసుకున్నది. దాన్ని బల్ల మధ్యలో పెట్టింది. ఎడమ కంటి దగ్గర నారింజ రంగు ఎండి అట్టకట్టి ఉంది.

"క్షమాపణ తరవాత చెబుతాను. ముందు ఇది చూడండి" అంది.

కార్యవర్గం మొత్తం ఒక్కసారిగా కళ్ళు మూసుకుంది. భుజంగరావుగారు కళ్ళు మూసుకునే, "బల్ల మీద ఏమియు లేదని నమోదు చేయుడు" అన్నారు. తారకేశ్వర్ కళ్ళు మూసుకునే, "సెకండెడ్" అని బలపరిచాడు.

హైమవతి కాసేపు ఆగింది. ఎవరూ తెరవలేదు. తను ఉన్నంతసేపూ తెరవరని అర్థమైంది. మాస్కు అక్కడే వదిలేసి లేచింది. ఎవరూ వాడుకోని లైటు అలా వెలుగుతుంటే ఆవిడకి ఇంట్లోనూ పడదు. గుమ్మం దగ్గర స్విచ్చి ఆపేసి, తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చింది.